విడిపించిన రోజు సాయంత్రం

(జూలై 30, మనుషుల అక్రమ రవాణా వ్యతిరేక దినం నాడు సోషల్ వర్క్ విద్యార్థుల సమావేశంలో, రెవెన్యూ శాఖలో తహసీల్దారుగానూ తర్వాత ఆర్డీఓగానూ పనిచేసి రిటైరైన ఒక మేడమ్ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. సరే.

నాకు ఇచ్చిన టాపిక్ ‘అక్రమ రవాణా నిరోధంలో ప్రభుత్వ కృషి, బాధితులకు సాయం’. చాలా పెద్ద టాపిక్. నేను మాత్రం ఒక బొటనవేలు దగ్గర మొదలుపెడతాను. నిజంగానే, బొటనవేలు.

నా ఉద్యోగం చివరి రోజుల్లో, ఒక ఇటుక బట్టీ నుంచి ఒరిస్సా కూలీలను విడిపించాం. అందులో ఒకామె, ముప్పై ఏళ్లు ఉంటాయేమో, ఇద్దరు పిల్లలు. ప్రభుత్వం ఇచ్చే డబ్బు పడాలంటే బ్యాంకు ఖాతా కావాలి, ఖాతా కావాలంటే ఆధార్ సరిపోవాలి, అది సరిపోవాలంటే ఆ చిన్న మిషన్ మీద వేలు పెట్టాలి. పెట్టింది. పడలేదు. చెయ్యి తుడుచుకుని పెట్టింది. పడలేదు. మా అటెండరు తడిబట్ట తెచ్చి తుడిచాడు, పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించాం, ఒక్కటీ పడలేదు. అప్పుడు ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని చూశాను. వేళ్ల చివర గీతలు లేవు. నున్నగా ఉన్నాయి, గులకరాయిలాగా. ఇటుక అచ్చులో మట్టి కొట్టడం, అంటుకోకుండా ఇసుక చల్లడం, రోజుకి పన్నెండు గంటలు, ఆరేడు నెలలు. చర్మం అరిగిపోయింది.

ఆ పక్కనే నా టేబుల్ మీద, మేస్త్రీ దగ్గర దొరికిన నోట్‌బుక్ ఉంది. సీజన్ మొదట్లో అడ్వాన్స్ తీసుకున్నప్పుడు వేయించుకున్న వేలిముద్రలు అందులో ఉన్నాయి, నీలం సిరాతో. ఆమెది కూడా ఉంది, గీతలన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ రెండూ పక్కపక్కన చూశాను నేను. ఈ విషయం మళ్లీ చివర్లో చెప్తాను.

ముందు మీకో ప్రశ్న. ట్రాఫికింగ్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? చెప్పండి, మొహమాటపడకండి. ఆడపిల్లల్ని అమ్మేయడం. ఆఁ. ఇంకా? కిడ్నాప్. ఇంకా? అవయవాలు. చూశారా, ఎవరూ ఇటుక బట్టీ అనలేదు. తప్పు మీది కాదు, నేను కూడా ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లదాకా అలాగే అనుకున్నాను. ఆడపిల్లల్ని అమ్మేస్తే అది పోలీసుల కేసు, కూలీల సంగతైతే అది లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ల జీతాల తగాదా, అంతే అనుకునేదాన్ని.

చట్టం అలా అనుకోవడం లేదు. మన రాజ్యాంగంలో 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ, వెట్టినీ, బలవంతపు చాకిరీనీ ఒకే వాక్యంలో నిషేధించింది. ఒకే వాక్యంలో! ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్ ఉంది, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, అంతకుముందు ఐపీసీలో అది 370. నిర్భయ ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ సిఫారసుల మీద 2013లో ఆ 370ని మొత్తం తిరగరాశారు. అందులో ఏముంది? దోపిడీ చేయడం కోసం ఒక మనిషిని బెదిరించో, బలవంతంగానో, మోసం చేసో, డబ్బు ఆశ పెట్టో పనిలోకి తీసుకున్నా, తరలించినా, దాచిపెట్టినా, ఇంకొకరికి అప్పగించినా, అప్పగిస్తే తీసుకున్నా, అందరూ నేరస్థులే. దోపిడీ అంటే లైంగిక దోపిడీ ఒక్కటే కాదు, ఒంటి కష్టం దోచుకోవడం, బానిసత్వం, బానిసత్వంలాంటి పద్ధతులు, అవయవాలు తీయడం, కొత్త చట్టంలో బిచ్చమెత్తించడం కూడా చేర్చారు. ఒక మనిషిని రవాణా చేస్తే 7 నుంచి 10 ఏళ్లు. ఒకరి కంటే ఎక్కువమందినైతే 10 ఏళ్ల నుంచి యావజ్జీవం. ఒక్క పిల్లో పిల్లాడో అయినా 10 ఏళ్ల నుంచి యావజ్జీవం. ఇంకొక్క మాట ఉంది, దాన్ని రాసుకోండి: బాధితుల ఇష్టం ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు.

ఎందుకు రాసుకోమంటున్నానంటే, రేపు మీరు ఫీల్డుకి వెళ్తే మొదట వినబడే మాట అదే. ‘వాళ్లే ఇష్టపడి వచ్చారు మేడమ్. అడ్వాన్స్ తీసుకున్నారు మేడమ్.’

అడ్వాన్స్ దగ్గరికి వస్తాను. మనలో చాలామందికి లోపల ఒక అనుమానం ఉంటుంది. డబ్బు తీసుకున్నారు కదా, తీర్చాలి కదా? న్యాయమే కదా? మీలో ఎంతమందికి అలా అనిపిస్తోంది? ఆఁ, చేతులు లేస్తున్నాయి. మంచిది, నిజం చెప్పారు.

బలంగీర్, నువాపడా, కలహండి, ఒరిస్సాలో పడమటి జిల్లాలు. అక్కడ కొత్త పంట పండగ ఉంది, నువాఖాయి అంటారు. ఆ పండగ రోజుల్లోనే సర్దార్లు, అంటే కూలీల్ని కుదిర్చే ఏజెంట్లు, ఊళ్లలో తిరుగుతారు, చేతిలో డబ్బు పట్టుకుని. పండగ పూట ఇంట్లో ఏమీ లేనివాడి ముందు, కూతురి పెళ్లికి అప్పు చేసినవాడి ముందు, ఆసుపత్రికి పొలం తాకట్టు పెట్టినవాడి ముందు ఆ నోట్లు పెడతారు. దాన్ని దాదన్ అంటారు. మనిషికి ఇంత అని కాదు, జట్టుకి ఇంత. జట్టు అంటే మొగుడు, పెళ్లాం, ఒక పిల్లాడు. దానికి పథురియా అని పేరు కూడా ఉంది. పిల్లాడు ఎందుకు? ఆలోచించండి. పచ్చి ఇటుకలు వరసగా పరిచి ఆరబెట్టాక రెండోవైపు తిప్పాలి. పెద్దవాళ్లు వాటి మధ్య నడిస్తే చెదిరిపోతాయి, పిల్లలైతే తేలిగ్గా ఉంటారు. అందుకని పిల్లాడు. నేను చూశాను, ఏడేళ్ల పిల్ల, బొటనవేళ్ల మీద నడుస్తూ ఇటుకలు తిప్పుతుంటే డాన్సు చేస్తున్నట్టే ఉంటుంది దూరం నుంచి.

అక్టోబరు, నవంబరు వచ్చేసరికి బలంగీర్ జిల్లాలోని కాంటాబాంజీ స్టేషన్లో రైళ్లు నిండిపోతాయి. ఎక్కడికి? ఇక్కడికే. పెద్దపల్లి, కరీంనగర్, రంగారెడ్డి, మేడ్చల్, యాదాద్రి. హైదరాబాద్ చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలో ఆ ఇటుకలున్నాయి. మన ఇంటి గోడల్లో ఉన్నాయి.

వచ్చాక లెక్క ఎలా ఉంటుంది? వెయ్యి ఇటుకలకి ఇంత అంటారు. వానకి కరిగినవి లెక్కలోకి రావు. విరిగినవి రావు. వారానికోసారి తిండి ఖర్చు కింద కొంచెం డబ్బు, చాలాచోట్ల నూకలు. ఆ నూకలు కూడా అడ్వాన్స్‌లోనే రాస్తారు. జ్వరం వస్తే మందులు, అదీ రాస్తారు. జూన్‌లో వాన పడేదాకా ఊరికి వెళ్లడానికి లేదు, ఇంట్లో తల్లి చనిపోయినా సరే. వేరే బట్టీలో రేటు ఎక్కువుంటే అక్కడికి పోవడానికి లేదు. ఇప్పుడు చెప్పండి, అది అప్పా?

1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఏం చెప్తుందో వినండి. అలాంటి అప్పు రద్దు. మొత్తం రద్దు. తీర్చాల్సిన పని లేదు, అడిగే హక్కు యజమానికి లేదు. అది మామూలు అప్పే, వెట్టి అప్పు కాదు అని ఎవరైనా అంటే, నిరూపించాల్సింది అప్పిచ్చినవాడే, కూలీ కాదు. చట్టం రాసినవాళ్లకి ఊరి సంగతి తెలుసు. 1982లో ఏషియన్ గేమ్స్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, కనీస వేతనం కంటే తక్కువకి ఎవరైనా పనిచేస్తున్నారంటే అది బలవంతపు చాకిరీయే అంది, ఆకలి కూడా బలవంతమే అన్న అర్థంలో. మనది తెలంగాణ. వెట్టి అనే మాట మనకెవరూ నేర్పనక్కర్లేదు, మన తాతల ఒంటి మీద ఉంది ఆ మాట. అలాంటి నేల మీద ఇంకో రాష్ట్రం వాళ్లు వచ్చి వెట్టి చేస్తుంటే మనం ‘వలస కూలీలు’ అని పేరు మార్చి చూస్తున్నాం.

తప్పించుకుంటే ఏమవుతుంది? 2013 డిసెంబరులో, అడ్వాన్స్ తీసుకుని మధ్యలో పారిపోయారని కలహండి జిల్లాకి చెందిన ఇద్దరు కూలీల కుడి చేతులు నరికేశారు కాంట్రాక్టర్ల మనుషులు. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ కేసు తీసుకుంది. చెయ్యి, మళ్లీ చెయ్యే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా మీకు పాఠాలు చెప్తే అది న్యాయం కాదు.

నేను తహసీల్దారుగా ఉన్నప్పుడు మొదటిసారి ఒక బట్టీ మీదకి వెళ్లాం. ఎవరో ఫోన్ చేశారు, ఒక గర్భిణిని కొట్టారని. పోలీసులు, లేబర్ ఆఫీసరు, నేను. పొద్దున ఎనిమిదింటికి వెళ్లాం. పదకొండు కుటుంబాలు. యజమాని కాళ్లబేరానికి వచ్చాడు, ‘మేడమ్, వాళ్లని తీసుకెళ్లండి, అడ్వాన్స్ వదిలేస్తా, కేసు మాత్రం వద్దు’ అన్నాడు. మాకు అది చాలా గొప్ప విజయంలా అనిపించింది. మధ్యాహ్నం భోజనాలు పెట్టించాం. పిల్లలకి బిస్కెట్లు. ఒక డీసీఎం వ్యాన్ మాట్లాడి స్టేషన్‌కి తీసుకెళ్లి, టికెట్లు మేమే కొనిచ్చి, సాయంత్రం రైలెక్కించాం. వాళ్లు కిటికీలోంచి చెయ్యూపారు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. నేను ఆ పేపరు దాచుకున్నాను కూడా.

మరుసటి సంవత్సరం ఇంకో మండలంలో, ఇంకో బట్టీలో, ఏదో సర్వే పని మీద వెళ్తే, అదే మనిషి. అదే గర్భిణి. చంకలో బిడ్డ. నన్ను గుర్తుపట్టి నవ్వింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఊరికి ఖాళీ చేతులతో వెళ్లారు. జీతం బకాయి రాలేదు, మేం అడగలేదు. సర్దార్ ఆ ఊరివాడే, ఇంటి ముందు కూర్చున్నాడు, నా అడ్వాన్స్ సంగతేంటని. ఇక్కడ యజమాని ‘వదిలేస్తా’ అన్నాడు కానీ ఆ మాట కాగితం మీద ఎక్కడుంది? ఎక్కడా లేదు. మేం కేసు రాయలేదు. విడుదల పత్రం ఇవ్వలేదు. ఆ పత్రం ఇచ్చి ఉంటే ఆ అప్పు రద్దయిందని వాడి మొహాన చూపించేది. చేతిలో ఏమీ లేదు, కొత్త అడ్వాన్స్ తీసుకుని పాత అడ్వాన్స్ తీర్చింది, మళ్లీ రైలెక్కింది. మేం కొనిచ్చిన టికెట్ ఆమెకి రానూపోనూ టికెట్ అయింది, అంతే.

అప్పటి నుంచి నాకు ఒక్కటే పట్టుకుంది. విడిపించిన రోజు సాయంత్రం ఏమవుతుంది? మీరు ఏ పథకం చదివినా, ఏ ఆఫీసరుని కలిసినా ఈ ప్రశ్న అడగండి. పొద్దున రెయిడ్ ఎలా జరిగిందని అడక్కండి, అది అందరూ చెప్తారు. సాయంత్రానికి ఆ మనిషి చేతిలో ఏ కాగితం ఉంది అని అడగండి.

విడుదల పత్రం అంటే ఏమిటో చూసినవాళ్లున్నారా మీలో? ఒక్కరూ లేరు. ఒక పేజీ అమ్మా. కలెక్టరో, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటో సంతకం పెడతారు. ఫలానా వ్యక్తి ఫలానా చోట వెట్టి కార్మికుడిగా ఉన్నాడు, ఈ రోజు నుంచి విముక్తుడు, ఇతని అప్పు రద్దయింది. అంతే. కానీ దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ పునరావాస పథకం 2016లో మార్చారు. అంతకుముందు 20,000 రూపాయలుండేది మొత్తం సాయం. ఇప్పుడు పురుషులకి లక్ష, మహిళలకీ పిల్లలకీ 2 లక్షలు, అక్రమ రవాణా, లైంగిక దోపిడీ లాంటివి ఉన్న ఘోరమైన కేసుల్లో 3 లక్షలు. వెంటనే ఇవ్వాల్సింది 30,000 దాకా. ఆ వెంటనే ఇచ్చేదానికి ప్రతి జిల్లాలో కలెక్టరు చేతిలో కనీసం 10 లక్షల నిధి ఉండాలి. ఉందో లేదో మీ జిల్లాలో ఆర్టీఐ పెట్టి అడగండి, అది మీ ప్రాజెక్ట్ వర్క్ చేసుకోవచ్చు.

మరి ఇంత ఉంటే పత్రం ఎందుకు ఇవ్వరు? నా తోటివాళ్ల గురించి చెప్తున్నాను, నా గురించి కూడా. ఒకటి భయం. ‘వెట్టి’ అని రాస్తే మా జిల్లాలో వెట్టి ఉన్నట్టు ఒప్పుకున్నట్టే కదా, పైనుంచి అడుగుతారు కదా, టెన్షన్. జీతాల తగాదా అని రాస్తే ఎవరూ అడగరు. రెండోది, ప్రశ్నలు తప్పుగా వేస్తాం. కూలీని పిలిచి, పక్కన యజమాని నిలబడి ఉండగానే, ‘నిన్ను కొట్టారా? కట్టేశారా? గదిలో పెట్టి తాళం వేశారా?’ అని అడుగుతాం. లేదండీ అంటాడు. రాసుకుంటాం, ‘వెట్టి లేదు’ అని. తాళం ఎందుకమ్మా? భాష రాదు, దారి తెలీదు, చేతిలో పైసా లేదు, ఊళ్లో ముసలి తండ్రి సర్దార్ కళ్ల ముందే ఉన్నాడు. ఇంకా తాళం దేనికి?

అడగాల్సింది ఇలా. యజమానిని దూరం పంపించి, ఒరియా తెలిసిన మనిషిని పెట్టుకుని, కింద కూర్చుని అడగాలి. రేపు పొద్దున ఊరికి వెళ్లాలనుకుంటే వెళ్లగలవా? పక్క బట్టీలో ఎక్కువిస్తామంటే పోగలవా? ఈ నెల నీ చేతికి ఎంత వచ్చింది? చట్టంలో వెట్టికి గుర్తులు ఇవే, కావలసిన చోట పని చేసుకునే స్వేచ్ఛ, తిరిగే స్వేచ్ఛ, తన కష్టాన్ని మార్కెట్ ధరకి అమ్ముకునే హక్కు, కనీస వేతనం. అప్పు చూపించి వీటిలో ఏది లాగేసుకున్నా వెట్టే. నాలుగూ పోవాల్సిన పని లేదు.

మూడోది, ఇది పథకంలోనే ఉన్న చిక్కు. పెద్ద మొత్తం రావాలంటే కేసు తేలాలి. ప్రతిపాదన పంపడానికి శిక్ష పడేదాకా ఆగనక్కర్లేదని పథకంలో రాశారు, ప్రాథమికంగా వెట్టి అని తేలితే చాలన్నారు, మంచిదే. కానీ చివరి చెల్లింపు కోర్టు తేల్చాకే. ఆలోచించండి, కేసు ఇక్కడ, మనిషి బలంగీర్‌లో, సాక్ష్యం చెప్పడానికి రెండు రోజులు కూలి మానుకుని రైలెక్కి రావాలి, వస్తే వాయిదా పడుతుంది. ఆ 1976 చట్టంలో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటే త్వరగా విచారణ చేసి తేల్చేయవచ్చని ఉంది. అంటే నాలాంటి ఆర్డీఓకి ఆ అధికారం ఇవ్వొచ్చు. ఎంతమంది వాడారు? దాని కింద శిక్ష ఎంతో తెలుసా, 3 ఏళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. 1976లో రెండు వేలంటే ఏదో అనుకోవచ్చు. ఇప్పటికీ అదే. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, ఆ చట్టం ఒక్కటే పెట్టొద్దు, 143 కూడా పెట్టండి, కూలీలు ఎస్సీ ఎస్టీలైతే అట్రాసిటీ చట్టం కూడా పెట్టండి. బట్టీల్లో ఎక్కువమంది వాళ్లే.

సరే, ఇటుకల గురించే మాట్లాడుతున్నాను అనుకోకండి. ఆడవాళ్ల విషయంలో కూడా సాయంత్రం ప్రశ్నే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశంలో ముందుగా కదిలిన రాష్ట్రాల్లో ఒకటి. 2003 జనవరిలోనే, జీవో నంబర్ 1, వ్యభిచార రవాణా బాధితుల రక్షణ, పునరావాసం కోసం ఒక విధానం తెచ్చారు, తక్షణ సాయంగా 10,000 రూపాయలు పెట్టారు. 2007లో కేంద్రం ఈ బాధితుల కోసమే ఉజ్వల అనే పథకం తెచ్చింది, గ్యాస్ పథకం కాదు, ఇప్పుడు అది మిషన్ శక్తిలో కలిసి శక్తి సదన్ అయింది. హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రాలు 2015 నుంచి ఉన్నాయి. పోలీసుల్లో మానవ అక్రమ రవాణా నిరోధక విభాగాలు ఉన్నాయి, అన్ని జిల్లాల్లో పెట్టడానికి 2020లో నిర్భయ నిధి నుంచి 100 కోట్లు ఇచ్చారు. 2019లో చట్టం మార్చి ఈ కేసులు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ కూడా చేపట్టేలా చేశారు. పనులు జరగలేదని నేను అనను, జరిగాయి.

కానీ రెయిడ్ జరిగిన రాత్రి ఆమెని ఏమని రాశారు? బాధితురాలనా, నిందితురాలనా? వ్యభిచార రవాణా నిరోధానికి తెచ్చిన 1956 నాటి ఐటీపీ చట్టంలో 8వ సెక్షన్ ఉంది, బహిరంగంగా విటుల్ని పిలవడం నేరమని. అది పెట్టి ఆడవాళ్లనే కోర్టులో నిలబెట్టిన రోజులు చాలా ఉన్నాయి. బాధితురాలని రాస్తే హోమ్‌కి పంపుతారు. మేజిస్ట్రేటు ఏడాది నుంచి మూడేళ్ల దాకా అక్కడ ఉంచమని ఆదేశించవచ్చు. ఒకమ్మాయి నన్నడిగింది, ‘మేడమ్, నన్ను అమ్మినవాడు బెయిల్ మీద బయట తిరుగుతున్నాడు, నేను లోపలున్నాను, ఎవరికి శిక్ష పడినట్టు?’ నా దగ్గర జవాబు లేదు. హోమ్ అవసరం లేదని కాదు. బయట ప్రాణానికి ప్రమాదం ఉన్నవాళ్లకి, చిన్నపిల్లలకి అదే దిక్కు. 2018లో యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి పోలీసులు పసిపిల్లల్ని విడిపించినప్పుడు, కన్నవాళ్లెవరో తెలియని ఆ పిల్లల్ని ఎక్కడికి పంపుతారు, హోమ్ లేకపోతే? కానీ 2022 మే నెలలో సుప్రీంకోర్టు, ఈ హోముల్లో ఇష్టం లేకుండా ఉంచిన మేజరైన ఆడవాళ్లు ఎంతమందున్నారో సర్వే చేసి, గడువు పెట్టుకుని విడుదల చేయమని రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది.

నష్టపరిహారం ఒకటుంది, దీని గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఎవరికీ తెలీదు. ఇదివరకు సీఆర్పీసీలో 357ఏ, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 396వ సెక్షన్. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టాలి. నేరస్థుడు దొరక్కపోయినా ఇవ్వొచ్చు. శిక్ష పడేదాకా ఆగనక్కర్లేదు, మధ్యంతర సాయం ముందే ఇవ్వొచ్చు. రెండు నెలల్లో విచారణ పూర్తి చెయ్యాలి. అర్జీ రాయడానికి లాయరు ఉచితం, 15100కి ఫోన్ చేస్తే చాలు. ఎంతమంది బాధితులు ఈ అర్జీ పెట్టారు? పెట్టినవాళ్లు తక్కువ, ఎందుకంటే రెయిడ్ చేసినవాళ్లు చెప్పరు, హోమ్‌లోవాళ్లు చెప్పరు, కోర్టులో ఎవరూ అడగరు. మీరు చెప్పండి. మీ చదువుకి అదొక్క పని చేసినా సార్థకమే.

పిల్లల సంగతి. తప్పిపోయిన పిల్లల్ని, పనిలో పెట్టిన పిల్లల్ని వెతికి విడిపించడానికి జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్, తెలంగాణ పోలీసులు ఏటా చేస్తున్నారు. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో గాజుల కార్ఖానాల నుంచి ఒక్క రోజులో రెండొందల మందికి పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు, ఎక్కువమంది బీహార్ పిల్లలు. కిటికీల్లేని గదులు, పొద్దున్నుంచి రాత్రిదాకా నేల మీద కూర్చుని గాజులకి రాళ్లు అతికించడం. ఆ పిల్లల్ని బీహార్ పంపించారు. బాగుంది. పంపించిన ఆరు నెలలకి ఆ పిల్లాడు బడిలో ఉన్నాడా, ఇంకో కార్ఖానాలో ఉన్నాడా? ఈ లెక్క ఎవరు రాస్తున్నారు? బడి ఉన్నచోట మాత్రం తేడా నా కళ్లతో చూశాను. అప్పట్లో రాచకొండ పోలీస్ కమిషనర్‌గా ఉన్న మహేశ్ భగవత్ గారు బట్టీల పిల్లల కోసం అక్కడే బడులు పెట్టించారు, 2017లో అమెరికా విదేశాంగ శాఖ ఆయన్ని ట్రాఫికింగ్ మీద పోరాడినవాళ్లలో ఒకరిగా గౌరవించింది. ఒరిస్సా నుంచి ఒరియా పుస్తకాలు తెప్పించి బట్టీల దగ్గరే ఒరియాలో చదువు చెప్పడం పెద్దపల్లి వైపు కూడా జరిగింది. పిల్లాడు తన భాషలో పాఠం వింటున్నాడు, ఇటుకలు తిప్పడం లేదు. ఇంత చిన్న పని, ఎంత పెద్ద మార్పో.

ఇంకో మాట, మీ వయసువాళ్లకి. ఈ వల ఇప్పుడు మీ ఫోన్లోకి వచ్చింది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్లి, అక్కడ చైనా ముఠాలకి అమ్మేశారు మన కుర్రాళ్లని. పాస్‌పోర్ట్ లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులో అలాంటి ముఠాల దగ్గర చిక్కుకున్నవాళ్లని థాయిలాండ్‌లోని మే సోత్ నుంచి వాయుసేన విమానంలో తెచ్చారు, మొదటి విమానంలోనే 283 మంది. తెలుగువాళ్లు కూడా ఉన్నారు వాళ్లలో. చదువుకున్న పిల్లలు, ఇంగ్లీషు వచ్చిన పిల్లలు. అడ్వాన్స్ బదులు ఏజెంటుకి వీళ్లే లక్షన్నర ఇచ్చారు, తేడా అదొక్కటే. విమానం దిగిన సాయంత్రం వీళ్లు బాధితులా, మోసగాళ్లా? బలవంతాన చేసినవాడినీ, కావాలని చేసినవాడినీ విడదీసి అడిగే ఓపిక మనకుందా?

సమగ్ర చట్టం ఒకటి వస్తుందని ఎదురుచూశాం. 2018 జూలైలో ఆ బిల్లుని లోక్‌సభ ఆమోదించింది, రాజ్యసభ ఆమోదించకముందే 2019లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. 2021లో ఇంకో ముసాయిదా వచ్చింది, ముందుకు పోలేదు. వస్తే మంచిదే. రాకపోయినా ఇప్పుడున్న వాటిలో చేయగలిగింది చాలా ఉంది.

టైమ్ అయిపోతోంది అంటున్నారు. ఆ బొటనవేలు సంగతి చెప్పి దిగుతాను.

ఆ రోజు నేను పత్రం రాసి సంతకం పెట్టేసరికి రాత్రి తొమ్మిదైంది. రైలు ఎక్కించమని ఒత్తిడి వచ్చింది, ఎక్కించలేదు. ఆ రాత్రి ఒక ప్రభుత్వ హాస్టల్లో పడుకోబెట్టాం. అందరి వాంగ్మూలాలు రాయించి, జీతాల లెక్క కట్టించి, ప్రతి ఒక్కరికీ పత్రం అసలు కాగితం చేతికిచ్చి, జిరాక్సు ఫైల్లో పెట్టి, బలంగీర్ కలెక్టర్ ఆఫీసుకి మెయిల్ పెట్టాకే రైలెక్కించాం. పత్రం తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టిచ్చాం, ఆమె దాన్ని జాకెట్లో దాచుకుంది. డబ్బు మాత్రం ఇవ్వలేకపోయాను, మిషన్ వేలు తీసుకోలేదు కదా. చెక్కు ఇద్దామంటే ఖాతా లేదు, నగదు ఇద్దామంటే రూల్ లేదన్నారు. మా ఆఫీసులో ఎవరో అన్నారు, ‘మట్టి పని ఆపితే చర్మం వస్తుంది మేడమ్, కొన్నాళ్లాగి వేయించండి’ అని. నాకు నమ్మకం కలగలేదు.

మూడు నెలల తర్వాత అక్కడి బ్లాక్ ఆఫీసులో పనిచేసే ఒక కుర్రాడు, మాకు ఒరియా అనువాదం చేసినతని స్నేహితుడే, ఫోన్ చేశాడు. వాన పడింది, ఊళ్లో నాట్లు, మట్టి మెత్తగా ఉంది, ఇసుక లేదు. ఆమెని మళ్లీ బ్యాంకుకి తీసుకెళ్లారట. కుడిచేతి వేళ్లు పడలేదు. ఎడమచేతి బొటనవేలు పడింది. వెంటనే ఇవ్వాల్సిన ఆ మొదటి డబ్బు ఆమె ఖాతాలో పడింది, ఆ సంవత్సరం నువాఖాయికి సర్దార్ ఇంటికొస్తే పత్రం చూపించిందట. వెళ్లిపోయాడట.

మిగతా డబ్బు ఇంకా రాలేదు. కేసు నడుస్తూనే ఉంది. ఆ నోట్‌బుక్ కోర్టులో ఉంది. వచ్చే నెలలో వాయిదా, నేను సాక్షిని, పెన్షనర్ని అయినా సమన్లు ఇంటికొచ్చాయి, వెళ్తున్నాను. మీలో ఎవరికైనా కోర్టు ఎలా ఉంటుందో చూడాలనిపిస్తే నాతో రండి, నంబర్ మీ సార్ దగ్గర ఉంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ మూడో వరసలో అమ్మాయి, నువ్వు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నావు, చెప్పమ్మా.